ముల్లు చూపిన రెండు వందల డెబ్బై

కామారెడ్డి చివర, వరి పొలాల పక్కన రేకుల షెడ్డులో మా మహిళా సంఘం ఎల్‌ఈడీ బల్బులు తయారుచేస్తుంది. అందులో నా పని పరీక్ష. బల్బు లోపల కరెంటును అదుపు చేసే డ్రైవర్‌ను బిగించకముందే రెండు విధాలుగా చూస్తాను. దాని నుంచి బయటికొచ్చే రెండు తీగలను కలిపి షార్ట్ చేస్తే అది తనంతట తాను ఆగిపోవాలి, విడదీస్తే మళ్ళీ పనిచేయాలి. ఆ తర్వాత, వోల్టేజీ పెంచే పెట్టె మీది ముల్లును రెండు వందల డెబ్బై వోల్టుల దాకా తిప్పి కాసేపు ఉంచుతాను. తట్టుకుంటేనే బల్బులోకి పోతుంది. ఈ పనిలో నాకు వంక పెట్టినవాళ్ళు లేరని కాస్త పొగరు కూడా ఉండేది.

అందుకే మొన్న యాసంగి పంట కాలంలో, ఎల్లారెడ్డిలో మా బల్బులు ఇల్లిల్లూ తిరిగి అమ్మే అక్క ఒక సంచి నిండా మాడిన బల్బులు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించేసరికి ఒళ్ళు మండింది.

"మోటార్లు బందు కాంగనే కరెంటు ఒక్కపారి ఎక్కువొస్తది. గప్పుడే మాడుతున్నయ్. నేనే మోసం జేసిన అని అంటుండ్రు. వాడకట్టుల తలెత్తుకోలేకపోతున్న, చెల్లె," అంది.

"ఒక్కొక్కటి నా చేతుల మీదికెల్లి పోయినయ్, అక్కా. మీ ఊళ్ళె వైరింగే ఖరాబున్నది," అన్నాను.

ఆమె కళ్ళముందే మూడు డ్రైవర్లకు పరీక్ష చేశాను. మూడూ నిలిచాయి. అయినా ఆమె కదల్లేదు. రోజూ చేసే పనిని ఎవరో నమ్మడం లేదని మళ్ళీ చేసి చూపించడమంత చిరాకు ఇంకోటి లేదు. నాలుగోది తీస్తుంటే ఆమె పైకి చూసింది.

"ఈడ ఫ్యానే సక్కగ తిరుగుతలేదు. గా పెట్టెకు గంత కరెంటు యాడికెల్లి వస్తది?"

బయట పొలాల్లో మోటార్లన్నీ నడుస్తూ కరెంటును లాగేస్తున్నాయి. ఆ పెట్టె పెంచేది గోడలోంచి వచ్చే కరెంటునే, అదే తక్కువైతే ముల్లు చూపే అంకె అబద్ధం. పని నేర్పిన రోజే ఈ సంగతి చెప్పారు, ప్రతిసారీ మీటరు పెట్టి చూడమన్నారు. ఆలస్యమవుతోందని మానేసింది నేనే. సొరుగులోంచి మీటరు తీసి పెట్టాను. ముల్లు రెండు వందల డెబ్బై మీదుంది. మీటరు రెండు వందల పన్నెండు చూపింది. ఆ యాసంగి అంతా నేను పాస్ చేసినవన్నీ ఇలా మోటార్లు నడిచే మధ్యాహ్నం పూట చూసినవే. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక మీటరు తీగలు పీకి బల్ల మీద పడేశాను.

అక్క ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుంది. "నాతోని రా. గీ మాట నువ్వే చెప్పు," అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఎల్లారెడ్డి బస్సెక్కాం. తప్పు సగం కరెంటు మీదికి ఎలా తోయాలా అని దారి పొడుగునా మాటలు అల్లుకున్నాను. మొదటి ఇంట్లో ఒక అవ్వ అక్కను చూసి ముఖం తిప్పుకుంది. అల్లుకున్న మాటలేవీ నోట్లోంచి రాలేదు.

"బల్బులు చెక్ చేసేది నేనవ్వా. నేనే సక్కగ చూడలే. అక్కకేం ఎరుకలేదు," అన్నాను.

అవ్వ నావైపు చూడనే లేదు. అక్క దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "నోరు జారిన బిడ్డా. అందరిండ్లల్ల నిన్ను దొంగ అన్న," అంది. మా షెడ్డులో రాయిలా నిలబడ్డ మనిషి, ఆ మాటకు కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ వాడలో ఇంకా చాలా ఇళ్ళున్నాయి. అక్క కళ్ళు తుడుచుకునేలోపే వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను.