రేపు రావద్దన్న పిల్లలు

శరణమ్మ మేడంకు కోపం ఎక్కువని జహీరాబాద్‌లోని ఆ బస్తీలో అందరికీ తెలుసు. మధ్యాహ్న భోజనంలో పప్పు నీళ్లలా ఉంటే కోపం, బడి గేటు ముందు ఎవరైనా ఆటో ఆపితే కోపం. పిల్లలు తప్పు చెబితే మాత్రం ఆమెకు కోపం రాదు. రాయికోడ్ దగ్గర జొన్న చేలల్లో పెరిగిన మనిషి, ఇరవై ఏళ్లుగా చిన్న తరగతులకే చెబుతోంది. ప్రమోషన్ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చినా, "పెద్ద పిల్లలకు చెప్పెటోళ్లు మస్తుమంది ఉన్నరు" అని వెనక్కి పంపేసింది.

మూడో తరగతికి కాలాలు చెప్పడంలో ఆమెదొక పద్ధతి. గది నేల మీద సుద్దతో మూడు పెద్ద గడులు గీస్తుంది. ఒకటి నిన్న, ఒకటి ఇయ్యాల, ఒకటి రేపు. పిల్లలు ఏ గడిలోకి దూకితే ఆ గడికి సరిపోయే మాట చెప్పాలి. షరతు ఒక్కటే, నిజం చెప్పాలి. "నిన్న మా మ్యాక ఈనింది", "ఇయ్యాల నాకు కడుపు నొస్తుంది", "రేపు మా నాయిన చెరుకు కొట్టనీకి పోతడు". పుస్తకంలోని వాక్యం పరీక్ష అయిపోగానే పోతుంది, మేక ఈనిన సంగతి జన్మలో పోదు అని ఆమె వాదన.

ఆ తరగతిలో అలీమా అని ఒక పిల్ల ఉంది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో అసలు మాట్లాడదు. గడి అంచు దాకా వచ్చేది, కాలు ఎత్తేది, మళ్లీ వెనక్కి పోయి కూర్చునేది. ఐదు నెలలుగా ఇదే వరస. శరణమ్మ ఒక్కనాడు కూడా తొందర పెట్టలేదు.

ఆ సోమవారం హెడ్‌మాస్టర్ చెన్నబసప్ప ఆమెను పిలిచి, "వెనకబడ్డ పిల్లల పేర్లు రాసియ్యండి మేడం, సాయంత్రం వేరే క్లాసు పెడదాం" అన్నాడు. ఇన్నాళ్లకు మంచి బుద్ధి పుట్టిందని సంబరపడి, ఐదు పేర్లు రాసిచ్చింది. మొదటి పేరు అలీమాది.

బుధవారం తనిఖీ. పొద్దున హాజరు పిలిస్తే ఆ ఐదుగురూ లేరు. ఒకరికి జ్వరమనుకోవచ్చు, ఇద్దరు ఊరికి పోయారనుకోవచ్చు. సరిగ్గా ఆ ఐదుగురే ఎట్లా మాయమవుతారు?

ముందు బెంచీలోని దీక్షిత లేచి చెప్పింది. "నిన్న మీరు అన్నాల కాడ ఉన్నప్పుడు పెద్దసారు వచ్చిండు మేడం. మీరు రాసిన కాగితం చూసి పేర్లు పిలిచిండు. ఆఫీసర్ సార్ వస్తడు, రేపు మీరు రాకుండ్రి అన్నడు."

శరణమ్మకు ఒళ్లు భగ్గుమంది. ఈ ఆచారం కొత్తదేం కాదు. తనిఖీ అంటే చురుకైన వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టడం, చదువు రానివాళ్లను ఇంట్లో కూర్చోబెట్టడం. ఆమె నాలుగో తరగతిలో ఉన్నప్పుడు పంతులు ఆమెతోనూ ఇదే మాట అన్నాడు. ఆ రోజంతా చేలో పెసరకాయ తెంపుతూ, తాను ఎవరికీ చూపించకూడని పిల్లనని అర్థం చేసుకుంది. ముప్పై ఎనిమిదేళ్లయినా ఆ మంట చల్లారలేదు. ఇప్పుడు అదే పాపం తన చేతిరాతతో జరిగింది.

నేరుగా ఆఫీసు గదిలోకి పోయింది. "నాతోని పేర్లు రాయించుకొని ఏం పని చేసిన్రు సార్?"

"జర మెల్లగ మేడం. బడి పేరు పోవద్దని చేసిన. ఒక్క పూటనే కదా, ఏం కొంప మునిగింది?"

"మునిగింది. మీకు తెల్వదు, నాకు తెలుసు."

"ఆఫీసర్ పదకొండింటికి వస్తడు. ఎటు పోతున్నరు?"

"పిల్లలను తేనీకి" అని స్కూటీ తీసింది.

ముగ్గురు పిల్లలు తేలిగ్గానే దొరికారు. నాలుగోవాడు వాళ్ల అవ్వతో పొద్దున్నే మొగుడంపల్లి పోయాడట. చివరికి అలీమా ఇంటికి చేరింది. తల్లి ఉమ్రావ్ బేగం గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"పేరు రాసింది మీరే, తీస్కపోను వచ్చింది మీరేనా టీచరమ్మా? పొద్దుగాల నుంచి చాయ్ గూడ తాగలే పిల్ల."

"రాసిన. గిట్ల చేస్తరని తెల్వక రాసిన, అయినా తప్పు నాదే. తిట్టాలనుకుంటే తిట్టుండ్రి అమ్మా, పిల్లను మాత్రం పంపుండ్రి."

ఉమ్రావ్ బేగం తిట్టలేదు. తిట్టి ఉంటే శరణమ్మకు కొంచెం తేలికయ్యేది. లోపలికి తిరిగి, "అలీమా, బ్యాగు తీస్కో" అంది.

పదకొండున్నరకు ఆఫీసర్ మూడో తరగతి గదిలోకి వచ్చి కూర్చున్నాడు. వెనక వరసలో నలుగురు పిల్లలను చూసి చెన్నబసప్ప పళ్లు కొరికాడు. ముందు వరసలోని సృజన్ గడిలోకి దూకి గడగడా చెప్పాడు, తర్వాత ప్రణీత చెప్పింది. ఆఫీసర్ మెచ్చుకొని లేవబోతుండగా వెనక నుంచి అలీమా నడిచి వచ్చింది. అలవాటుగా గడి అంచున ఆగింది. ఈసారి వెనక్కి పోలేదు.

మొదటి గడిలో నిలబడి, "నిన్న పెద్దసార్ నా పేరు పిలిచిండు. మేడం రాసిన పేరు" అంది. రెండో గడిలోకి జరిగి, "ఇయ్యాల నేను బడికొచ్చిన" అంది. మూడో గడిలోకి పోయింది. ఆఫీసర్‌ను కాదు, శరణమ్మను చూసింది.

"రేపు... రేపు గూడ నేను రావొచ్చునా మేడం?"

ఆఫీసర్ నవ్వాడు. "పేరు రాయడమేంది సార్?"

"ఏం లేదు సార్, హాజరు" అన్నాడు చెన్నబసప్ప.

శరణమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి నిన్న గడిలో నిలబడింది. ఆమెకు కోపం పొంగుకొస్తోంది. అందులో సగం కోపం తన మీదే.

"ఈ గడులల్ల నిజమే చెప్పాలె సార్. నిన్న ఈ బడి ఐదుగురు పిల్లలను రావద్దన్నది. మీకు కనపడొద్దని. ఆ పేర్లు రాసింది నేను."

ఆఫీసర్ నవ్వు ఆగిపోయింది. చెన్నబసప్ప కిటికీ వైపు చూశాడు. శరణమ్మ వాళ్లిద్దరినీ వదిలేసి మూడో గడిలోకి పోయి, అలీమా పక్కన నిలబడి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"రేపు వస్తవ్ బిడ్డా. ముందు బెంచీల కూసుంటవ్. ఎవడు లేపుతడో నేను చూస్త."