చావని గడ్డి

నేను వృక్షశాస్త్రం చదివింది గడ్డికి పేరు పెట్టడానికి. ఆ చదువుతోనే ఒక అవ్వ నోటి దగ్గరి కూడు లాగేశాను. పొరపాటైందని చాలాకాలం చెప్పుకు తిరిగాను. అబద్ధం, పొరపాటేమీ కాదు.

ఉరవకొండ అవతల ఒక గుట్ట కింది బీడులో సోలార్ పలకలు పరవాలనుకున్నారు. ముందు అక్కడ ఏమేం మొలుస్తాయో జాబితా రాయాలి. ఆ పనికి మూడు నెలల జీతగాణ్ణి నేను. ఫారంలో గడ్డికి రెండు గళ్లు ఉండేవి. ఏటేటా విత్తనంతో మొలిచి చచ్చేది ఏకవార్షికం, వేరు బతికుండి మళ్లీ చిగిర్చేది బహువార్షికం. రెండోదానికి టిక్కు పడితే అది మేతబీడు, జీవాలకు వదలాలి. మొదటిదానికి పడితే ఉత్త బంజరు.

మమ్మల్ని పంపింది మే నెలలో. బీడంతా అరిగిపోయిన చీపురులా ఉంది. అక్కడ గొర్రెలు మేపుకునే అవ్వ నేను రాసుకోవడం చూసి దగ్గరికొచ్చింది.

"ఏం రాస్తాండావప్పా?"

"ఈ గడ్డి ఏ రకమో రాస్తున్నా అవ్వా."

"మాకు గడ్డి రెండే రకాలు. సచ్చేది, సావనిది. ఇది సావనిది. మా నాయన కాలం నుంచి ఈ కుదురు ఈడే ఉండాది."

నేను నమ్మలేదనుకుందేమో, నా గడ్డపార లాక్కుని ఆ ఎండలో మోకాళ్ల మీద కూర్చుని తవ్వింది. వేరు మొదలును గోటితో గీరింది. లోపల తెల్లగా, తడిగా ఉంది.

"సూడు, పానం ఉండాది. ఇట్లే రాసుకో. ఇది పోతే నా జీవాలు యాడ మేస్తాయి?"

"రాస్తాలే అవ్వా" అన్నాను. కుదురును మళ్లీ గుంతలో పెట్టి, తను తాగడానికి తెచ్చుకున్న సీసాలోని నీళ్లు పోసింది.

సాయంత్రం మా పెద్దసారు ఫారంలో గడ్డి గళ్లు ఖాళీగా ఉండటం చూసి విసుక్కున్నాడు. "వానలొచ్చేదాకా ఆగుతామా? ఎండిపోయింది కదా, ఏకవార్షికమని రాయి. నీ పర్మనెంటు సంగతి నేను చూసుకుంటా."

రాశాను. ఆ రాత్రి అన్నం బాగానే తిన్నాను.

పలకలొచ్చాయి, చుట్టూ కంచె వచ్చింది, నాకు ఉద్యోగం పర్మనెంటయింది. అవ్వ గొర్రెలను కటికవాళ్లకు అమ్మేసింది. మరుసటి ఏడాది వానలకు పలకల కింద గడ్డి లేచింది. కోస్తే పది రోజుల్లో మళ్లీ లేస్తోంది. పలకల మీద నీడ పడుతోందని నన్నే పిలిపించారు, ఏ మందు కొడితే చస్తుందో తేల్చమని. ఏకవార్షికమైతే పైపైన కొట్టే మందు చాలు. కాకపోతే వేరు దాకా దిగేది కావాలి.

కంచె లోపల కొడవళ్లతో గడ్డి కోస్తున్న కూలీల్లో అవ్వ కనిపించింది. నన్ను గుర్తుపట్టింది. తిట్టలేదు. తిట్టుంటే నాకు కాస్త హాయిగా ఉండేది. చేతిలోని కుదురు ఎత్తి చూపించింది, తన మాటే నెగ్గినంత సంబరంగా.

"సూస్తివా అప్పా, సావలేదు. ఇప్పుడన్నా సరిగ్గా రాసుకో."

సరిగ్గానే రాశాను. బహువార్షికమని, శాస్త్రీయ నామంతో సహా, ఒక్క తప్పు లేకుండా రాసిచ్చాను. వారం తిరక్కుండానే వేరు చంపే మందు దిగింది. అందులో కలపడానికి నీళ్లు మోసే పని అవ్వకు ఇచ్చారు.