టీవీలో మా చిరుతల ఆట

ఇవాళ పొద్దున కొత్త టీవీకి పెద్ద హార్డ్ డిస్క్ తగిలించాను. మా రెంజల్ ఊరి జట్టు చేతుల్లో చెక్క చిరుతలు వాయిస్తూ ఆడిన చిరుతల రామాయణం అందులో ఉంది. రావణుడి వేషం నాదే. ఆ వీడియో ఇంకెవరి దగ్గరా లేదు.

టీవీ ఇంగ్లీషులో ఏదో అడిగింది. నాకు ఇంగ్లీషులో వచ్చింది ఓకే ఒక్కటే. అదే నొక్కబోయాను. మా ఇంటామె లచ్చవ్వ రిమోట్ గుంజుకుంది.

"ఓ పెద్దమనిషీ, సదువరానిదాని మీద ఏలు పెడ్తవా?"

డిస్క్ పట్టుకుని బోధన్‌లో టీవీ కొన్న షాపుకు పోయాం. షాపాయన చూసి, "టీవీల నడవాలంటే దీన్ని ఫార్మాట్ చెయ్యాలె బాపు. లోపలున్నదంతా పోతది" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "అయితే టీవీనే వాపస్ ఇస్త!" అన్నాను.

లచ్చవ్వ నన్ను పక్కకు జరిపింది. "వడ్ల గుమ్మి అలికేముందు ఇత్తనాలు తీసి పెడ్తం గద. గట్లనే ఆటను తీసి ఇంకోదాంట్ల పెట్టు బిడ్డా. అలికినంక మల్ల అండ్లనే పొయ్యి."

"గంతే అవ్వా!" అని షాపాయన నవ్వాడు. నాకు ఒప్పుకోక తప్పలేదు.

సాయంత్రం టీవీ నిండా రావణుడు గంతులేశాడు. నేను మీసం దువ్వి లచ్చవ్వ దిక్కు చూశాను. ఆమె నన్ను చూడనే లేదు.

"గా సీతను సూడు, ఎంత సక్కగున్నదో!" అంది.

సీత వేషం కట్టింది ఆమె తమ్ముడు.

వీడియో కింద పెట్టాను. ఎవరి ఆట బాగుందో నిజం చెప్పండి. మా బామ్మర్ది దిక్కు చుట్టాలు మాత్రం మాట్లాడొద్దు.