తొమ్మిదో ముడి

చదువు రాని మనిషి కాగితం మీద వేలు వేసే ముందు ఒక్కసారి కాదు, మూడుసార్లు చూడాలి. నాకు ఆ బుద్ధి నారాయణపేట తాలూకా కచేరి అరుగు మీద వచ్చింది. అప్పటికి నా మొగుడు పోయి నాలుగు నెలలు. మగ్గమున్న ఇల్లు నా పేరు మీదికి మార్పించుకోవాలి. ఇల్లు పోతే మగ్గం పోయినట్టే. ఇద్దరు ఆడపిల్లలతో ఎవరింట్లోనో నూలు కండెలు చుట్టుకుంటూ బతకాలి.

సాక్షిగా మా బావ వచ్చాడు, మొగుడికి అన్న. పిలవకుండానే వచ్చాడు. తమ్ముడు మంచాన పడ్డప్పుడు గడప తొక్కని మనిషి, కచేరికి నాకన్నా ముందే చేరాడు. అదే నాకు మింగుడుపడలేదు.

అర్జీలు రాసే మున్షీ దగ్గర అచ్చు కాగితం ఉంది. అందులో తొమ్మిది ఖాళీలు. ఊరు, వాడ, నాలుగు దిక్కుల హద్దులు, చనిపోయిన మనిషి పేరు, సాక్షి పేరు, ఆఖరున ఇల్లు ఎవరికి రావాలో వాళ్ల పేరు. పొరుగామె ముందే చెబితే, మరిచిపోకుండా కొంగుకు తొమ్మిది ముళ్లు వేసుకుని వెళ్లాను. ఒకటి చెప్పడం, ఒక ముడి విప్పడం.

మున్షీ కాగితం చదివేవాడు కాదు. ఎన్ని నింపిన చెయ్యో! నోరు అడుగుతుంటే కలం దానంతటదే తర్వాతి ఖాళీకి పోయేది. ఊరు పేరు రాయగానే బావ చాయ్ తెచ్చి, సాసర్‌తో సహా కాగితం మీదే పెట్టాడు.

"తాగు సాబ్, సల్లారిపోతది."

వాడ చెప్పాను, హద్దులు చెప్పాను. నాలుగో హద్దు, ఉత్తరాన, నూనె గానుగ. తర్వాత నా మొగుడి పేరు, బావ పేరు. ఆఖరి ముడి విప్పి నా పేరు చెబితే, మున్షీ దాన్ని కాగితం మూలకు ఇరికించి రాశాడు. నా పేరు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అంతవరకే నా చదువు.

"గీడ ముద్రెయ్యమ్మా."

సిరా పూసిన వేలు గాలిలోనే ఆపాను. మగ్గానికి దువ్వెనలా ఉండే పన్నెలో, దాని సందుల్లోంచి పడుగు దారాలు దూర్చేటప్పుడు ఒక్క సందు వదిలితే వెనక వచ్చే దారాలన్నీ పక్కకు జరుగుతాయి. అప్పటికేమీ తెలియదు. చివర్లో ఒక దారం చోటు లేక మిగులుతుంది. అది కనబడిందంటే నేతగాళ్లు అంతా విప్పుకుంటూ వెనక్కి పోతారు. ఇక్కడ మిగిలిన దారం నేను.

"నా పేరుకు జాగ ఎందుకు లేదు సాబ్?"

"పక్కకు రాసిన గద. ఫికర్ చెయ్యకు."

"ఏలు పెట్టి సదువు. పైనుంచి."

"గింత అనుమానమా నీకు?" అన్నాడు బావ.

"నిన్నడుగుతలేను బావా. నువ్వు సాసర్ తియ్యి."

తీస్తే రెండో ఖాళీలో తడి మరక తప్ప ఒక్క అక్షరం లేదు. మున్షీ వేలు పెట్టి చదివాడు. "సచ్చిపోయిన మనిషి... నూనె గానుగ." అరుగంతా నవ్వు. సాక్షి దగ్గర నా మొగుడి పేరు.

"సచ్చినోడే సాచ్చెం చెప్తుండు, ఇంగ ఎదురేముంది!" అన్నాడెవరో.

ఇల్లు ఎవరికి రావాలన్న చోట మా బావ పేరు. అక్కడ నవ్వు ఆగిపోయింది.

"సాసర్ కింద సూసుకోలే తల్లీ, దాటేసిన," అని మున్షీ కొత్త కాగితం తీశాడు. మళ్లీ తొమ్మిది ముళ్లు వేసుకున్నాను. ఆయన వేలు ఖాళీ మీద పెట్టి, ఏం రాయాలో చదివాకే ఒక్కొక్కటి విప్పాను. ఆఖరి ముడి ఆఖరి ఖాళీ దగ్గర ఊడింది. అప్పుడు వేశాను వేలు.

ఇల్లు నా పేరున వచ్చింది. బావ తెలిసి పెట్టాడో, తెలియక పెట్టాడో, ఆయన పోయేదాకా అడగలేదు. అడిగితే ఒట్టు వేసేవాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా చాయ్ ఇచ్చాను. సాసర్ మాత్రం ఇవ్వలేదు.