అమ్మవారి ఊరేగింపులో జర్మనీ తాతగారు

మేముండేది బెంగాలీల గడ్డ మీద ఒక రైల్వే ఊళ్ళో. మావారు గూడ్సు బండి నడుపుతారు. నిమ్‌పురా యార్డు నుంచి ఎప్పుడు బయలుదేరతారో, ఎప్పుడు తిరిగొస్తారో ఆయనకే సరిగ్గా తెలియదు. రాత్రంతా బండి నడిపి వచ్చి పగలు పడుకున్నారంటే మా క్వార్టర్లో కుక్కరు కూడా కూత వెయ్యకూడదు. పెళ్ళయిన కొత్తలో గిన్నెల చప్పుడు కాకుండా వంట చేయడం నేర్చుకున్నాను. ఈమధ్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో సినిమాలు వింటూ వంట చేయడం అలవాటైంది. వింటూ అనే అంటున్నాను. చేతులు పనిలో ఉంటే కళ్ళు కూడా అక్కడే ఉంటాయి కదా.

నేను వర్క్‌షాపు ఆఫీసులో ఉద్యోగం చేస్తాను. ఒక ఆదివారం సెలవు పూట అరటిపువ్వు ముందేసుకుని కూర్చున్నాను. అది వలవడం మొదలుపెడితే ఒక పట్టాన తెమలదు. రేకులు ఒక్కొక్కటే ఊడదీసి, ప్రతి పూవులోంచీ గట్టి కాడ తీసి పారెయ్యాలి. చేతులకి నూనె రాసుకున్నా నల్లటి జిగురు పట్టేస్తుంది. పెట్టుకున్న తెలుగు హాస్య సినిమా అయిపోయింది. ఆ చేతులతో ఫోను ముట్టుకునే వీలు లేదు. మావారు అందులో పాత రైలింజన్ల వీడియోలు చూస్తుంటారు. అందువల్లనో ఏమో, ఫోను దానంతట అదే ఒక పాత జర్మనీ సినిమా మొదలుపెట్టింది. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవాలంటే కళ్ళజోడు కావాలి. అది గదిలో నిద్రపోతున్న ఆయన తలగడ పక్కన ఉంది. సరే, ఆడనిమ్మని వదిలేశాను.

కాసేపు ఎవరో గబగబా మాట్లాడుకున్నారు. తలుపు తెరిచిన చప్పుడైంది. ఎవరో మెట్లు దిగుతున్నారు. అప్పుడు ఒకే ఒక్క వాయిద్యం, సన్నగా, కాస్త ముక్కుతో పాడినట్టు ఒక వరస ఎత్తుకుంది. దాని వెనక వయొలిన్లు వచ్చి చేరాయి. పెళ్ళివారింట్లో అమ్మలక్కలు ఒక్కొక్కరే వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నట్టు, ఎవరూ పిలవకుండానే వచ్చాయి. ఇంకాసేపటికి ఆర్కెస్ట్రా అంతా కలిసి ఉయ్యాలలా ఊగడం మొదలుపెట్టింది. నా చేతిలో అరటిపువ్వు చేతిలోనే ఉండిపోయింది.

మావారు లేచి వచ్చి నా ముందు నిలబడ్డారు. నేను గమనించలేదు. ఆయనే ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను లాగి, "ఏటే, ఇంకా పువ్వుతోటే ఉన్నావు? కూర నేదా?" అన్నారు.

"ఉండండి, ఇది అవనివ్వండి."

"ఏటవ్వాల?" అంటూ ఆ ఇయర్‌ఫోను తన చెవిలో పెట్టుకున్నారు. అలా చెరో చెవితో సినిమా ఆఖరిదాకా విన్నాం. ఆ పూట పచ్చడితోనే భోజనం.

చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని చివర్లో వచ్చే పేర్లన్నీ వెతికాను. సంగీతం రాసినాయన పేరు దొరికింది కానీ పలకడానికి నోరు తిరగలేదు. మావారు ప్రయత్నించి, "ఇది పేరా, బోగీల కప్లింగు ఊడిన సప్పుడా?" అని నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన మా ఇంట్లో జర్మనీ తాతగారు.

తాతగారి గురించి రాసినవాళ్ళు ఎక్కువమంది లేరు. పెద్దగా ఆడని చిన్న చిన్న సినిమాలకి సంగీతం రాస్తూ జీవితం గడిపారట. చాలాకాలం తరవాత అక్కడి ఒక చిన్న ఆర్కెస్ట్రా వాళ్ళు ఆ సంగీతమంతా మళ్ళీ వాయించి రికార్డు చేశారు. అవే ఫోన్లో దొరికాయి. వాటిని విన్నవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద మా ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ జనమంత కూడా ఉన్నట్టు లేరు. నాకది బాధగానూ అనిపించింది, కొంచెం గర్వంగానూ అనిపించింది. ఎవరికీ తెలియని మంచి చీరల కొట్టు నాకొక్కదానికే కనిపించినట్టు.

ఇక ఇద్దరికీ అదే పని. ఒకదాంట్లో డోళ్ళూ బాకాలూ కలిసి మెల్లగా, బరువుగా మొదలై ఆయాసపడుతూ పైకి వెళ్ళేవి. మావారు కళ్ళు మూసుకుని చెప్పేశారు. "ఇది లోడు గూడ్సు. ఎత్తెక్కుతోంది. ఇంజను పీకుతోంది, ఇన్నావా? ఇదిగో, చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసక పోసినాడు. ఎక్కీసింది!"

ఆ సినిమా కూడా వెతికి చూశాం. అక్కడ బండీ లేదు, కొండా లేదు. ఒక లావుపాటి పెద్దావిడ పెళ్ళికి వెళ్ళడానికి తన పాత గౌను తొడుక్కోబోతోంది. ముగ్గురు కూతుళ్ళు వెనక నిలబడి దాని తాళ్ళు లాగుతున్నారు. నేను నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. మావారు మాత్రం తగ్గలేదు. "ఏదైతేనేటి, లోడు లోడే కదా!"

మా పక్క క్వార్టర్ల లైన్లో ఒక బెంగాలీ దాదా ఉన్నారు. పిల్లలకి వయొలిన్ నేర్పుతారు. ఒక సాయంత్రం మా వరండాలో టీ తాగుతుంటే ఆయనకి నేను మొదట విన్న ఆ వరస వినిపించాను. టీ చల్లారిపోయింది. "ఎ కే, బౌదీ? ఆగే తో శునినీ!" అన్నారు. ఎవరు వదినా ఈయన, ఇదివరకు విననేలేదే అని. ముక్కుతో పాడినట్టు ఉండే వాయిద్యం పేరు ఓబో అని ఆయనే చెప్పారు. ఇంటికి పరుగెత్తి వయొలిన్ తెచ్చుకుని అక్కడే నిలబడి వాయించారు. అంతవరకూ మా ఇద్దరి చెవుల్లోనే ఉన్న పాట మొదటిసారి మా లైన్లో గాల్లోకి వచ్చింది. ఎదురింటావిడ బట్టలు తీస్తూ తీస్తూ ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు సైకిలు మీద వచ్చాడు. వాడిది వర్క్‌షాపులో చక్రాల పని. సాయంత్రాలు కాలనీ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. సైకిలు దిగకుండానే, "ఏ సినిమాదక్కా ఇది?" అన్నాడు.

"జర్మనీదిరా."

"బాగుంది. ఈసారి అమ్మోరి ఊరేగింపుకి ఇదే వాయించీద్దుము."

"అమ్మోరికి జర్మనీ పాటేటిరా!"

"అమ్మోరికి బాషతో పనేటి? అయినా ఇందులో మాటల్నేవు కదా."

దాదా బ్యాండువాళ్ళని కూర్చోబెట్టి ఎవరేం వాయించాలో చెప్పారు. ఓబో పాట క్లారినెట్‌కి, వయొలిన్లవి ట్రంపెట్లకి, అడుగున మోగే పెద్ద వయొలిన్లు, చెలోలది సాక్సోఫోన్‌కి. కూర్చున్నంతసేపూ బాగానే వచ్చింది. లేచి నడవడంతో చిక్కొచ్చింది. అది మూడు దెబ్బల తాళం. ఒకటి, రెండు, మూడు అని వాయిస్తుంటే ఎడమ కాలు వెయ్యాల్సిన చోట కుడి కాలు వస్తోంది. మైదానంలో అందరూ ఒకరి మడమలు ఒకరు తొక్కుకుంటున్నారు. ట్రంపెట్ వాయించే ఆయన వెళ్ళి గోల్‌పోస్టుకి కొట్టుకోబోయాడు. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"రెండు కాళ్ళ మనిసికి మూడు దెబ్బలేటక్కా!" తమ్ముడు విసుక్కున్నాడు. "మీ తాతకి మూడు కాళ్ళున్నాయేటి?"

అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న మావారు భుజాన సంచీతో అక్కడ ఆగారు. కాసేపు చూశారు. "ఒరే, మూడు దెబ్బలకీ మూడడుగులు ఎందుకేస్తన్నారు? మూడింటికీ కలిపి ఒక్కడుగెయ్యండి. మిగతా రెండిటికీ ఊగండి" అని యూనిఫారంలోనే నడిచి చూపించారు. సంచీ అటూ ఇటూ ఊగింది, మనిషీ ఊగారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన డాన్సు చేయగా చూడటం నాకదే మొదలు.

"నీకెలగ తెలిసింది బావా?"

"ఇంజన్లో నిలబడినోడికి ఊగడం తప్ప ఇంకేటి తెలస్తది?"

అంతే, కుదిరిపోయింది.

ఊరేగింపు రోజు నేనూ ఘటం ఎత్తాను. పసుపు రాసి వేపమండలు కట్టిన కుండ నెత్తిమీద పెట్టుకుని బ్యాండు వెనక నడవాలి. ఎప్పుడూ సినిమా పాటల జోరుకి పరుగులాంటి నడక అయ్యేది, మెడ బిగుసుకుపోయేది. ఈసారి తమ్ముడు క్లారినెట్ ఎత్తుకోగానే ముందున్న వరసంతా ఒక్కసారి నెమ్మదించింది. ఒక అడుగు, ఒక ఊపు. ఒక అడుగు, ఒక ఊపు. నెత్తిమీద కుండలన్నీ కలిసి ఒకే పక్కకి వాలుతున్నాయి, ఒకే పక్కకి లేస్తున్నాయి. డోళ్ళవాళ్ళు కూడా చేతులు తేలిక చేసుకుని వాయించారు. నాకు కుండ బరువు తెలియలేదు. ఎక్కడో మెట్లు దిగుతున్న ఒక మనిషి కోసం రాసిన పాట మా రైల్వే క్వార్టర్ల మధ్య నడుస్తోంది. నా కళ్ళు తడిశాయి. రెండు చేతులూ కుండ మీదే ఉండటంతో తుడుచుకోవడానికి కూడా కుదరలేదు.

దారిపొడుగునా ఒకటే ప్రశ్న. మిఠాయి కొట్టు దాదా బయటికొచ్చి, "కోన్ సినేమార్ గాన్, దీదీ?" అన్నాడు, ఏ సినిమా పాట అక్కా అని. జర్మనీ సినిమాదంటే వేళాకోళం అనుకుని నవ్వాడు. మా లైన్లో అందరికంటే పెద్దావిడ మాత్రం ఎవర్నీ అడగలేదు. అరుగు మీద కూర్చుని తల ఊపుతూ, "ఇది మన శ్రీకాకుళం వైపు పాటే. సిన్నప్పుడు మాయమ్మ పాడీది" అంది. మేమెవరం కాదనలేదు.

ఊరేగింపుని ఎవరో ఫోన్లో వీడియో తీస్తే, తమ్ముడు దాన్ని తాతగారి రికార్డింగు కింద కామెంట్లలో పెట్టాడు. కొన్నాళ్ళకి అక్కడి ఆర్కెస్ట్రాలో ఓబో వాయించే ఆవిడ ఇంగ్లీషులో జవాబు రాసింది. తాము దాన్ని ఎప్పుడూ కుర్చీల్లో కూర్చునే వాయించామనీ, నడుస్తూ వాయించవచ్చని తట్టనేలేదనీ. మావారు ఆ జవాబుని డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో కనిపించినవాళ్ళందరికీ చూపించారు.

ఆ చలికాలం మా ఊళ్ళోనే తాల్‌బగీచాలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు మా తెలుగబ్బాయి, పెళ్ళికూతురు బెంగాలీ అమ్మాయి. పెళ్ళికొడుకుని తీసుకెళ్ళేటప్పుడు ఆ జర్మనీ పాటే కావాలని ఆడపిల్ల తరఫువాళ్ళే అడిగారు. గుమ్మం దగ్గర పాట ఆఖరి మలుపు తిరుగుతుండగా వాళ్ళ ఆడవాళ్ళు తమ ఆనవాయితీ ప్రకారం శంఖాలు ఊది, ఉలూలూ అని గొంతులు కలిపారు. బ్యాండువాళ్ళు ఆపబోయారు. పెళ్ళికూతురి మేనమామ రెండు చేతులూ పైకెత్తి, "ఆరేక్‌బార్!" అని అరిచాడు. ఇంకోసారి వాయించారు.