షాయద్

నిజామాబాద్ స్టేషన్ల బోధన్ రైలు కోసం కూసున్న. పక్కనున్న షేర్వానీ ఆయన చాయ్ అమ్మేటోన్ని పిలిచి చాయ్ అడిగిండు. ఆ గొంతు గుర్తుపట్టిన. హైదరాబాద్ రేడియోల వాన సంగతి చెప్పే గొంతు.

"మొన్న వానొస్తదని చెప్పింది మీరేనా, సాబ్?"

"నేనే."

"రాలే. మీ మాట నమ్మి, ఆరని పసుపు కుప్పజేసి కప్పిన. బూజు పట్టింది."

ఆయన మాట దాటెయ్యలే. కాగితం తీసి, "మీ దిక్కు మబ్బన్న పట్టిందా? గాలి ఎటుకెల్లి కొట్టింది?" అని అడిగి, నేను చెప్పిందంత రాసుకున్నడు. వాన గురించి నన్నడిగిన సర్కారు మనిషి ఆయనొక్కడే.

వారం తర్వాత మా ఊరి చాయ్ హోటల్ల రేడియో మోగుతున్నది. అదే గొంతు బోధన్ దిక్కు వానొస్తదన్నది. కొంచెమాగి, "షాయద్" అన్నది, కావచ్చు అని.

హోటల్ల అందరు నవ్విండ్రు. నేను చాయ్ సగంల ఇడిచిపెట్టి, ఆరబోసిన మిగతా పసుపు కప్పెటందుకు ఇంటికి ఉరికిన.