ఒక్కపొద్దు నాటి మాత్ర

మాత్రల అట్ట మీద రేకు చిట్లే చప్పుడు వింటే ఇప్పటికీ నాకు సుగుణక్క గుర్తొస్తుంది. నిన్న మా చెల్లెలు తలనొప్పి మాత్ర తీస్తుంటే కూడా అంతే అయింది.

రెండు వేల నాలుగులో సూర్యాపేటలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో నర్సుగా చేరాను. సుగుణక్క అక్కడ పెద్ద సిస్టర్. కోదాడ మనిషి, మాట మెత్తన, పని గట్టి. నేనేమో చదువు పూర్తయి మూడు నెలలైనా కాకముందే అన్నీ తెలుసనుకునేదాన్ని. గర్భం రాకుండా డాక్టరమ్మ మాత్రలు రాసిన చీటీతో ఎవరొచ్చినా, రోజుకొకటి, ఒకే వేళకు, మరిచిపోవద్దని గడగడా అప్పజెప్పేదాన్ని. అర్థమైందా అంటే అందరూ తలూపేవారు. నేను అంతటితో తృప్తిపడేదాన్ని.

యాదమ్మ ఆత్మకూరు వైపు మనిషి, గొర్ల మంద ఉన్న ఇల్లు. రెండో కాన్పులో నెత్తురు బాగా పోయి చావు తప్పించుకుంది. మూడేళ్ళ లోపు మళ్ళీ కడుపొస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ హెచ్చరించి, చిన్నవాడు పాలు మానాక మాత్రలు రాసింది. ఆమె చేతిలో అట్ట పెట్టింది నేనే. నాలుగు నెలల తర్వాత నెల తప్పిందని వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. మాత్రలు మరిచిపోయావు కదా, నీకు బుద్ధుందా అని నలుగురిలో నిలదీశాను.

ఆమె కొంగు ముడి విప్పి వాడిన అట్టలు చూపించింది. ప్రతి అట్టలోనూ వారానికి రెండు మాత్రలు అలాగే ఉన్నాయి.

"మరువలే మేడం. సోమారం, శనారం ఒక్కపొద్దుంట. ఒక్కపొద్దు నాడు గోలి ఎట్ల మింగుత?"

ఆ కాన్పులో బతికి బయటపడితే ఉంటానని మొక్కుకున్న ఒక్కపొద్దులట అవి.

సుగుణక్క ఆమెకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, నన్ను పక్కకు పిలిచింది.

"ఒక్కపొద్దులు ఉంటావా అని అడిగావా నువ్వు?"

అడగలేదన్నాను.

"మరి తప్పు ఆమెదెట్లా అవుతుంది?"

డాక్టరమ్మ అన్నీ వివరించి, ఆలుమగల ఒప్పుకోలుతో కడుపు తీసేసింది. యాదమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. సిగ్గుతో నాకు ఆమె మంచం దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఇంటికి పంపే రోజు సుగుణక్క ఆమెకు మళ్ళీ మాత్రలిస్తూ, మందుతో ఒక్కపొద్దు చెడదని, బతకడానికే కదా మొక్కిందని, ఆ రోజుల్లో దేవుడికి దండం పెట్టి మింగమని చెప్పింది. యాదమ్మ ఊరికే తలూపలేదు. ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

మూడేళ్ళూ నెల తప్పకుండా వచ్చింది. కొత్త అట్ట తీసుకునే ముందు ఖాళీ అట్టను సుగుణక్కకు కాకుండా నాకు చూపించేది. నేను చూసి తలూపేదాన్ని.

ఇప్పుడు మిర్యాలగూడలో నేనే పెద్ద సిస్టర్‌ని. మాత్రల చీటీ కనబడగానే ఏ వారం ఒక్కపొద్దుంటవమ్మా అని అడుగుతాను. కొత్త పిల్లలు నవ్వుకుంటారు, నవ్వనీ. సుగుణక్క అడిగిన మాట నేను మరవలేదు. యాదమ్మతో మాత్రం, నాది తప్పైంది, ఏమనుకోకు అని ఒక్కసారీ అనలేకపోయాను. మూడేళ్ళు ప్రతి నెలా ఆమె నా ఎదుట నిలబడినా అనలేకపోయాను.